వెబ్ ప్రోగ్రామింగా, మొబైల్ డిజైనా?

విజయనగరంలో డిగ్రీ అయ్యాక మా చెల్లి ఈ రెండు కోర్సుల మధ్య నెల రోజులు ఊగిసలాడింది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

వెబ్ ప్రోగ్రామింగ్‌కి పాత లాప్‌టాప్, బ్రౌజర్, కోడ్ రాసే ఒక ఎడిటర్ ఉంటే చాలు. పేజీకి చట్రం కట్టే హెచ్‌టీఎంఎల్, రంగూ రూపూ ఇచ్చే సీఎస్ఎస్ తొందరగానే పట్టుబడతాయి. అసలు పరీక్ష పేజీ చేత పని చేయించే జావాస్క్రిప్ట్‌తోనే. 1995లో పుట్టిన ఈ భాషలో, బాక్సులో టైప్ చేసిన 5కి 3 కలిపితే 8 రాదు, 53 వస్తుంది. బాక్సులోంచి వచ్చేది అంకె కాదు, అక్షరం మరి. తీసివేస్తే మాత్రం బుద్ధిగా 2 ఇస్తుంది! బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్ర గీత కూడా రాదు. ఫీజుల లెక్క పేజీ రాస్తూ మా చెల్లి దీనికే ఒక పూట పోగొట్టుకుంది.

మొబైల్ డిజైన్ అంటే బొమ్మలు వేయడం అనుకుంటారు. స్క్రీన్లు గీసే ఫిగ్మా ఉచితంగానే దొరుకుతుంది, కష్టమంతా కొలతల్లో ఉంది. వేలికి అందాలంటే బటన్ ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు ఉండాలంటారు (డీపీ, పాయింటు రెండూ స్క్రీన్ మీది కొలతలే). తెలుగుకి ఇంకో తిప్పలు: ‘సబ్మిట్’ పట్టిన బటన్‌లో ‘సమర్పించండి’ పట్టదు, లైన్ ఎత్తు తగ్గితే వత్తులు తెగిపోతాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డ మా నాన్న చేతికి ఫోనిస్తే, ఆయన బొటనవేలు ఎక్కడ తడబడిందో చూడటమే సగం పాఠం.

నన్నడిగితే ముందు వెబ్బే. కోడ్ తెలిసినవాళ్లు గీసిన స్క్రీన్ కట్టడానికి వీలుగా ఉంటుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా చేసిన పని చూపించమంటారు, అది రెండింటికీ ఒకటే. మా చెల్లి ఫీజుల పేజీనే చూపిస్తోంది, 53 సరిచేశాకే లెండి.