నల్లగొండ బైండింగ్ దుకాణంలో మా లాడ్జి మినిట్స్ పుస్తకం

నల్లగొండ ప్రకాశం బజారు దగ్గరి సందులో ఉన్న ఈ దుకాణం బోర్డు మీద ‘బుక్ బైండింగ్’ అన్న మాట తప్ప పేరేమీ లేదు. కాలేజీ రికార్డులు, వకీళ్ల ఫైళ్లు, కిరాణా లెడ్జర్లు కుట్టే ఆ చిన్న గదికి నేను గత నెల మా ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘానికి స్థానిక శాఖ) పాత మినిట్స్ పుస్తకాన్ని, అంటే సమావేశాల్లో జరిగింది రాసుకునే పుస్తకాన్ని, తీసుకువెళ్లాను. నేనుండేది నల్లగొండలోనే అయినా మా లాడ్జి సమావేశాలు హైదరాబాదులో జరుగుతాయి. ఈ ఏడాది కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించినప్పుడు, కుట్లు తెగి, వెన్ను ఊడి, గుడ్డలో మూటకట్టి ఉన్న ఆ పుస్తకం కూడా నా చేతికి వచ్చింది.

అది మాకు ఎందుకంత ముఖ్యమో చెబితే తప్ప దుకాణం పనితనం విలువ అర్థం కాదు. లాడ్జికి చార్టర్, అంటే నడిచేందుకు అనుమతి పత్రం, ఇచ్చేది లాడ్జిలకు పైన ఉండే గ్రాండ్ లాడ్జి, అందరూ పాటించవలసిన నియమావళిని నిర్ణయించేదీ అదే. ఆ హద్దుల లోపల మాత్రం ప్రతి లాడ్జీ తన బైలాస్ (సొంత నియమాలు) తానే రాసుకుంటుంది, అధ్యక్షుడిగా ఉండే తన మాస్టర్‌ను తానే ఏటా ఎన్నుకుంటుంది, కొత్తవారిని చేర్చుకోవాలా వద్దా అన్నది తెల్ల, నల్ల గోళీలతో రహస్యంగా ఓటు వేసి తేల్చుకుంటుంది. ఆ నిర్ణయాలన్నీ మినిట్స్‌లోకి ఎక్కుతాయి. తర్వాతి సమావేశంలో వాటిని చదివి, సభ్యులు సరేనన్నాక మాస్టర్ సంతకం చేస్తారు. మా స్వతంత్రతకు ఆ సంతకమే సాక్ష్యం.

స్కాట్లండ్‌లోని కిల్‌విన్నింగ్ లాడ్జి కథ నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. 1736లో స్కాట్లండ్ గ్రాండ్ లాడ్జి ఏర్పడ్డాక ఏ లాడ్జి పాతదన్న ప్రశ్న వచ్చినప్పుడు, రాతపూర్వకమైన ఆధారాన్ని బట్టి వరుస కట్టారు. ఎడిన్‌బరోలోని మేరీస్ చాపెల్ లాడ్జి దగ్గర 1599 నాటి మినిట్స్ ఉన్నాయి. తామే అందరికన్నా పాతవాళ్లమని తరతరాలుగా చెప్పుకొనే కిల్‌విన్నింగ్ వారి దగ్గర మిగిలిన మినిట్స్ మాత్రం 1642 నుంచే మొదలవుతాయి. మొదటి స్థానం దక్కలేదని వారు 1743లో బయటికి వచ్చి, ఎవరి కిందా లేకుండా అరవై ఏళ్లకు పైగా స్వతంత్రంగా నడిచారు, ఇతర లాడ్జిలకు చార్టర్లు కూడా ఇచ్చారు. 1807లో తిరిగి కలిసినప్పుడు వారికి సున్నా నంబరు ఇచ్చి, ఒకటికి ముందు నిలబెట్టారు. పోయిన కాగితాలు దొరికి ఉంటే ఆ తగవే వచ్చేది కాదేమో.

మా పుస్తకంలోనూ అటువంటి పేజీ ఒకటి ఉంది. 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు ఇక్కడి పాత లాడ్జిలలో కొన్ని దాని కిందికి వచ్చాయి, కొన్ని ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ గ్రాండ్ లాడ్జిల కిందే ఉండిపోయాయి, ఈనాటికీ ఉన్నాయి. మా పెద్దలు ఎటు వెళ్లాలో చర్చించి, ఓటు వేసి, తీర్మానం రాసుకున్న పేజీ అది. చాలా ఏళ్ల క్రితం వేరే ఊళ్లో ఎవరో బైండరు పుస్తకాన్ని కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు సమంగా కోసేశారు. ఆ కోతకు నీలి సిరాతో ఉన్న మాస్టర్ సంతకంలో సగం పోయింది. మిగిలిన సగాన్ని చూసినప్పుడల్లా నాకు ప్రాణం విలవిలలాడుతుంది.

ఈ దుకాణం నడిపే పెద్దాయనను చాచా అని పిలుస్తాను. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, రెండు పేజీలు తిప్పి, నేను అడగకముందే ‘అంచు కోస్తే రాత పోతది సార్, నేను కోయను’ అన్నారు. ఆ ఒక్క మాటతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది. పాత కుట్టు విప్పి, చిరిగిన మడతల మీద పలుచని కాగితం పట్టీలు అంటించి, ఫారాలను (మడిచిన కాగితాల కట్టలను) వరుసగా పేర్చి, మైనం రాసిన నూలు దారంతో దబ్బనం పెట్టి చేతితోనే కుట్టారు. సభ్యుల పేర్లున్న పుస్తకం గనుక రాత్రి దుకాణంలో ఉంచలేనంటే, ఏమీ అనుకోకుండా ప్రతి సాయంత్రం గుడ్డలో చుట్టి ఇచ్చి, ఉదయం మళ్లీ నా ఎదుటే విప్పారు. ఆయనది పాలమూరు. హైదరాబాదులో ఫ్రీమేసన్ల హాలుగా ఉన్న కుతుబ్‌షాహీల నాటి గోషామహల్ బారాదరి, 1872లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలోనే మేసన్లకు దక్కిందనీ, ఆయన పేరే తర్వాత పాలమూరుకు మహబూబ్‌నగర్‌గా వచ్చిందనీ చెబితే, పని ఆపి మరీ విన్నారు.

లోపాలు లేవని చెప్పను. మూడు రోజులన్న పనికి తొమ్మిది రోజులు పట్టింది. స్కూళ్లు తెరిచే నెలలో వెళ్లడం నా పొరపాటు కూడా కావచ్చు. వెన్ను మీది బంగారు అక్షరాలలో అంకెలు కొంచెం పక్కకు ఒరిగాయి. అట్టకు మొదట రెక్సిన్ వేయబోయారు. కాలికో అనే నూలు గుడ్డ కావాలంటే వేరే దుకాణం నుంచి తెప్పించి వేశారు, దానికి అదనంగా నూట యాభై అయింది. మొత్తం పన్నెండు వందలు తీసుకున్నారు. చేతి కుట్టుకు అది ఎక్కువ కాదు.

పుస్తకం ఇప్పుడు బల్ల మీద పెడితే ఏ పేజీ దగ్గరైనా చదునుగా తెరుచుకుంటుంది. ఆ తీర్మానం పేజీని చాచా వెన్నులోకి లోతుగా పోనీయకుండా ఒక పట్టీ మీద నిలిపి కుట్టారు. మిగిలిన సగం సంతకం పూర్తిగా కనిపిస్తోంది. దీని తర్వాతి సంపుటిని దసరా వెళ్లాక తెస్తానని చెప్పి వచ్చాను.