డేటా పుట్టుపూర్వోత్తరాలు: ముందే రాసిపెట్టాలా, అడిగినప్పుడు వెనక్కి వెతకాలా?

నివేదికలోని ఒక అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలంటే ప్రతి మార్పునూ అది జరుగుతుండగానే నమోదు చేయడం మేలా, లేక ఎవరైనా అడిగిన రోజున క్వెరీని (డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నను) తిరగేసి మూల వరుసలను పట్టుకోవడం మేలా అని పైప్‌లైన్లు (డేటాను తెచ్చి, మార్చి, చేరవేసే పనుల గొలుసులు) నడిపే మిత్రులు పదేపదే అడుగుతున్నారు. రెండు దారుల్లోనూ నడిచాను కాబట్టి ముందే చెప్పేస్తాను: నా మొగ్గు నమోదు వైపే. అయితే ఏం నమోదు చేయాలన్న విషయంలో చాలామంది లేనిపోని బరువు నెత్తికెత్తుకుంటున్నారని కూడా అనుకుంటున్నాను.

వెనక్కి వెతికే పద్ధతిని తక్కువ చేయడానికి లేదు. స్టాన్‌ఫర్డ్‌లో జెన్నిఫర్ విడమ్ బృందం 2000 ప్రాంతంలోనే, వేర్‌హౌస్ (పలు చోట్ల డేటాను ఒకచోట చేర్చిన భండారం) వ్యూలోని, అంటే క్వెరీతో నిర్వచించిన పట్టికలోని, ఒక వరుసకు కారణమైన మూల వరుసలను ఆ వ్యూ నిర్వచనం నుంచే రాబట్టే పద్ధతులను రూపొందించింది. రోజూ నడిచే పనిపై అదనపు భారం పడదు. ఎవరూ అడగకపోతే ఖర్చే ఉండదు.

నమోదు పద్ధతికి అందమైన గణితం 2007లో గ్రీన్, కార్వునరాకిస్, టానెన్‌ల పత్రంతో వచ్చింది. ప్రతి మూల వరుసకూ ఒక అక్షరం ఇస్తారు. జాయిన్ (రెండు పట్టికల వరుసలను జతచేయడం) గుణకారమవుతుంది, యూనియన్ (రెండు ఫలితాలను ఒకటిగా కలపడం) కూడిక అవుతుంది. ఒక ఫలిత వరుసకు క×గ + చ అనే గుర్తు ఉందంటే, క, గ జతపడినా, చ ఒక్కటే ఉన్నా ఆ వరుస పుడుతుందని అర్థం. చ తప్పుడు వరుసని తేలితే దాని స్థానంలో సున్నా వేస్తే చాలు, క×గ మిగిలే ఉంటుంది కనుక ఫలితమూ నిలుస్తుంది. (బడిలో విసుక్కుంటూ నేర్చుకున్న బీజగణితం ఇక్కడ అక్కరకొచ్చింది.) చిక్కల్లా పరిమాణంతోనే: లక్ష వరుసలను కూడి తెచ్చిన ఒక్క మొత్తానికి లక్ష గుర్తులు మోయాలి.

నా దృష్టిలో తీర్పు చెప్పేది ఈ ఖర్చు కాదు. మూల పట్టిక మారిపోయాక కూడా జవాబు మిగులుతుందా అన్నది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ధరల పట్టికను ప్రతి రాత్రీ పూర్తిగా చెరిపి కొత్తగా నింపేవారు. మూడు నెలల కిందటి మొత్తం ఎలా వచ్చిందని ఆడిటర్ అడిగితే, గిట్‌లో (కోడ్ పాత ప్రతులను దాచే సాధనంలో) భద్రంగా ఉన్న పాత క్వెరీనే తీసి వెనక్కి వెతికాం. అది తడుముకోకుండా వరుసలను చూపింది, కాకపోతే అవి మేం వెతికిన రోజు ధరలు, మూడు నెలల కిందటివి కావు. ఏమీ దొరకకపోయి ఉంటే కనీసం అనుమానమైనా వచ్చేది. విడమ్ బృందం కూడా మూలాలను మళ్లీ ముట్టుకునే అవసరాన్ని తగ్గించేందుకు సహాయక వ్యూలను నిల్వ చేసే మార్గాన్ని పరిశీలించింది. అంటే వెతుకులాటకు సైతం ముందుగా దాచినది కొంత కావాల్సిందే.

అలాగని వరుసవరుసకూ గుర్తు పెట్టనక్కర్లేదు. పైప్‌లైన్ ప్రతి పరుగుకూ ఒక సంఖ్య, ఆ వేళ నడిచిన కోడ్ కమిట్ (గిట్‌లో ఆ కోడ్ ప్రతికి ఉండే గుర్తింపు), చదివిన ప్రతి పట్టిక వెర్షన్, ఈ మూడూ రాస్తే నాకు చాలు. డేటా చరిత్రను నమోదు చేసే ఓపెన్‌లీనియేజ్ ప్రమాణం జాబ్ (పని), రన్ (దాని ఒక్కో పరుగు), డేటాసెట్ (చదివే, రాసే డేటా) అనే విభజనతో ఇటువంటి సమాచారానికే చోటిస్తుంది. వేరే సంస్థలతో చరిత్రను పంచుకోవలసి వస్తే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2013లో ఆమోదించిన, పుట్టుపూర్వోత్తరాలను రాసే ప్రావ్ నమూనా చూడండి. ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) పాఠాన్ని చదివి డేటా దారిని గీతగా గీసే సాధనాలు ఏ నిలువు వరుస దేని నుంచి వచ్చిందో చెబుతాయి, ఏ అడ్డు వరుసో చెప్పవు. ఎక్సెల్‌లో చేత్తో రాసే జాబితాలు నెల తిరక్కుండానే పాతబడతాయి.

వెర్షన్ సంఖ్య రాసి, ఆ వెర్షన్‌ను చెరిపేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. పట్టికల పాత వెర్షన్లనూ దాచే డెల్టా లేక్‌లో వ్యాక్యూమ్ (పాత ఫైళ్లను తుడిచే ఆదేశం) నడిపితే, గడువు మార్చనంత వరకు, వాడుకలో లేకుండా 7 రోజులు దాటిన ఫైళ్లు పోతాయి. ఆడిటర్ మూడు నెలలకొకసారి వచ్చే చోట ఆ గడువునూ, పట్టిక మార్పుల లాగ్‌ను ఉంచే గడువునూ కనీసం 100 రోజులకు పెంచి, వరుసల స్థాయి ప్రశ్న ఎదురైన రోజున అదే వెర్షన్ మీద క్వెరీని వెనక్కి నడపండి.