నల్లమలకు ఏ బ్యాగు: కోఠి నుంచి మన్ననూరు దాకా

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం మన దగ్గర వేట నిషేధం. అమెరికా కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్లేవాళ్లు మాత్రం రైఫిల్‌ని బ్యాగు పక్కన నిలువుగా కడతారు. దాని వెనక చివర బ్యాగు కింది జేబులో కూర్చుంటుంది, పైన ఒక బెల్టు పట్టి ఉంచుతుంది, అవసరమైతే టక్కున తీయొచ్చు. పక్షుల ఫొటోలకు తిరిగే మాకూ పొడవాటి బరువును బ్యాగుకు ఎలా కట్టాలన్నదే తంటా. రెండు కిలోల ట్రైపాడ్, ఇంచుమించు అంతే బరువున్న 150-600 మి.మీ. జూమ్ లెన్స్.

కోఠిలో బ్యాగు అడిగితే ముందు లీటర్లే చెబుతారు. "అరవై లీటర్లన్నా, ఇల్లంతా పడతది" అన్నాడు దుకాణం అబ్బాయి. పడుతుంది నిజమే, కానీ దాని నడుము బెల్టు ఉత్త నాడా. బరువంతా భుజాల మీదే. నా లెక్కలో బెల్టుకు మెత్త ఉండాలి, అది తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బిగించాక భుజం పట్టీల కింద వేలు సులువుగా దూరాలి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల గీత దాకా టేపుతో కొలిచి, ఆ పొడవుకు సరిపోయే బ్యాగే చూడండి. డెకథ్లాన్‌కు ఇంటి నుంచే ట్రైపాడ్ పట్టుకెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఎగాదిగా చూశాడు గానీ, కట్టి నడిచి చూస్తుంటే లోపల ఎవరూ అడ్డు చెప్పలేదు. చివరికి 50 లీటర్లది తీసుకున్నా.

అసలు పరీక్ష మల్లెల తీర్థం జలపాతం మెట్ల మీద. ట్రైపాడ్‌ని వీపు మధ్యలో కడితే దిగేటప్పుడు వెనక్కి లాగింది. కుడి పక్కకు మార్చి, ఎడమ జేబులో రెండు లీటర్ల నీళ్లు పెట్టాక తూకం కుదిరింది. ట్రైపాడ్ పై కొస మన భుజం ఎత్తు దాటకుండా కట్టాలి, లేకపోతే ప్రతి కొమ్మా పలకరిస్తుంది. నీళ్లకు స్టీలు సీసానే, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం.

ఫర్హాబాద్ సఫారీకి ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. జీపులో ట్రైపాడ్ విప్పే చోటే లేదు, బియ్యం నింపిన చిన్న సంచి కిటికీ మీద పెడితే లెన్స్ కదలదు. పులి కనిపించలేదు, వ్యూపాయింట్ నుంచి లోయ మాత్రం పైసా వసూల్. వానాకాలంలో సఫారీ ఉండదు.

బసకు మన్ననూరులోని అటవీశాఖ కాటేజీలే నయం. శుభ్రంగా ఉన్నాయి, తెల్లారకముందే టీ దొరికింది. శ్రీశైలం దారిలో ఓ ప్రైవేటు లాడ్జిలో అయితే వేడినీళ్లకు మూడుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది. బయల్దేరే టైమ్ మాత్రం గట్టిగా చూసుకోండి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి గేట్లు మూసే ఉంటాయి.

అంత దూరం వద్దనుకుంటే వికారాబాద్ అనంతగిరి ఉంది. మూసీ పుట్టేది అక్కడే. ఆదివారం కార్లలో పాటల మోతకు పిట్టలు ఎగిరిపోతాయి. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే, కొత్త బ్యాగుకు బరువేసి నడిచి చూడటానికి అంతకంటే దగ్గరి చోటు నాకు తెలీదు.