బి450 బోర్డు మీద రైజెన్ 5600: మూడేళ్లకు పైగా వాడాక

పాత మదర్‌బోర్డు ఉంచుకుని మిగతావి మార్చుకోవాలా, మొత్తం కొత్త సిస్టమే కొనేయాలా అని అడిగేవాళ్లకు నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ దగ్గర ఉన్నది ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లు పట్టే ఏఎమ్4 సాకెట్ బోర్డయితే, అది బాగా పనిచేస్తూ ఉంటే, మార్చుకోండి. కానీ "సాకెట్ ఒకటేగా, పట్టేస్తుంది" అనే మాట మీద మాత్రం డబ్బు పెట్టకండి. పట్టడం వేరు, పూర్తి వేగంతో నడవడం వేరు.

మాది ఖమ్మం. పెళ్లిళ్లు, ఫంక్షన్ల వీడియోలు ఎడిట్ చేయడం నా పని. అంతకుముందు ఉన్నది రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, మైక్రో ఏటీఎక్స్ సైజు బి450 బోర్డు (ఇదీ ఏఎమ్4 రకమే). 4కె ఫుటేజ్ వేస్తే టైమ్‌లైన్ కదిలేది కాదు. 2022 చివర్లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ స్టిక్కులు రెండున్న 3200 ర్యామ్ కిట్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 550 వాట్ల పవర్ సప్లై తెచ్చుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్. బి450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 ప్రాసెసర్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. బోర్డు తయారైన నాటి బయోస్‌కు ఈ ప్రాసెసర్ ఉనికే తెలియదు. షాపతను "ఏం అక్కర్లేదన్నా, పెట్టగానే వచ్చేస్తది" అన్నాడు. అతని మాట పక్కన పెట్టి, బోర్డు కంపెనీ సైట్‌లో నా మోడల్ సపోర్ట్ లిస్టు చూశాను. 5600 పేరు పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో రాసి ఉంటుంది. మోడల్ పేరుతో పాటు బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబర్ కూడా సరిచూసుకోవాలి. అదే పేరుతో రెండు రివిజన్లుంటే బయోస్ ఫైళ్లు వేరుగా ఉండొచ్చు.

వరుస కూడా ముఖ్యమే. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే, పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసి, తర్వాతే కొత్తది బిగించాలి. పాతది ముందే అమ్మేస్తే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ లేకుండానే బయోస్ అప్‌డేట్ చేసేది) ఉన్న బోర్డులకే దారి ఉంటుంది, లేదంటే ఎవరి దగ్గరైనా పాత చిప్ అరువు తెచ్చుకోవాలి. ఇంకో జాగ్రత్త: ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. థర్మల్ పేస్ట్ ఎండి అతుక్కుపోయిన కూలర్‌ని నేరుగా పైకి లాగితే, సాకెట్ లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటే ఊడొస్తుంది. సిస్టమ్‌ని కాసేపు నడిపి వేడెక్కించి, ఆపేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

5600లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఇక పనికిరాదు, కార్డు తప్పనిసరి. కార్డు కొననివాళ్లకు 5600జీ ఉంది, కానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీనే, 5600కు 32 ఎంబీ. కార్డు ఎంపికలో చాలామంది గమనించనిది పీసీఐఈ లేన్ల సంగతి, అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు. బి450 బోర్డులో పాత తరమైన పీసీఐఈ 3.0 వరకే. ఆర్ఎక్స్ 6600 ఎనిమిది లేన్లు వాడుతుంది కాబట్టి నాకు తేడా పెద్దగా తెలియలేదు. ఇదే బోర్డుకు నాలుగు లేన్లే వాడే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పెడితే బాగానే దెబ్బ తింటుంది. తక్కువకు వస్తోందని అది తీసుకునేవాళ్లు ఈ ఒక్క విషయం చూసుకోండి.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పను. రెండు స్టిక్కులు వాడండి, నాలుగు స్లాట్లుంటే రెండోదాన్లో, నాలుగోదాన్లో పెట్టండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ అంతకంటే తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. పాత 2400 స్టిక్‌ని దాని పక్కన పెట్టి ఆశపడొద్దు, అన్నీ నెమ్మదైన దాని స్థాయికే దిగుతాయి. ఎస్ఎస్‌డీ విషయానికొస్తే, చాలా బి450 బోర్డుల్లో ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లలో రెండోది వాడగానే, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు కొన్ని ఆగిపోతాయి. పాత హార్డ్ డిస్కులు ఎక్కువున్నవాళ్లు మాన్యువల్ తిరగేయాలి.

పవర్ సప్లై మార్చినందుకు ఇవాళ్టికీ సంతోషంగా ఉంది. కార్డుకు 8 పిన్ పీసీఐఈ కేబుల్ కావాలి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్ చూడ్డానికి అలాగే ఉన్నా అది వేరు. మాడ్యులర్ సప్లై (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది) అయితే పాత సప్లై కేబుళ్లు దీనికి తగిలించడం ప్రమాదం, పిన్ల అమరిక కంపెనీ కంపెనీకీ మారుతుంది. అసలు టెన్షన్ యూపీఎస్‌తో వచ్చింది. మా వీధిలో కరెంటు పోవడం మామూలే. నా పాత 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. రెండర్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్‌తో పాటు మానిటర్ కూడా చీకటే. ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చే పెద్ద యూపీఎస్ తెచ్చాకే ఆ గొడవ ఆగింది. అప్‌గ్రేడ్ బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ ఖర్చును ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఖమ్మం ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో, ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్‌తో గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెడితే ఉష్ణోగ్రత దాని గరిష్ఠ హద్దయిన 90 డిగ్రీల దగ్గరే తిరిగేది. మొదటి వేసవి అయ్యాక డీప్‌కూల్ ఏకే400 పెట్టాను, ఇప్పుడు ఆ బెంగ లేదు. దాని ఎత్తు 155 మి.మీ. కాబట్టి కొనేముందు క్యాబినెట్ వెడల్పు కొలుచుకోవాలి. కార్డు పొడవుకు అడ్డం వస్తుందని హార్డ్ డిస్కులు పెట్టే బోనును నేను ముందే విప్పేశాను.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా ఫీచర్) ఆన్ చేస్తే విండోస్ 11 ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. ఎఫ్‌టీపీఎం వల్ల సిస్టమ్ అప్పుడప్పుడు క్షణంపాటు తడబడొచ్చని 2022లో ఏఎమ్‌డీయే చెప్పి, బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది. బయోస్ కొత్తగా ఉంచుకోవడానికి అదింకో కారణం.

మరి లోటు లేదా అంటే, ఉంది. ఈ మధ్య కెమెరామెన్ చాలామంది 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా ఉండే ఫార్మాట్) షూట్ చేసి ఇస్తున్నారు. ఆర్ఎక్స్ 6600లో ఆ ఫుటేజ్‌కు హార్డ్‌వేర్ డీకోడింగ్ లేదు. భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన కాపీలు) చేసుకోక తప్పదు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా ప్రాక్సీలే. గేమ్స్ ఆడే మా అన్నయ్య కొడుక్కి ఇదేం పట్టదు, వాడి దృష్టిలో ఇదే బంగారం లాంటి సిస్టమ్. ఎడిటింగ్ కోసమే కొత్తగా కట్టించుకునేవాళ్లయితే, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్న 12వ తరం ఇంటెల్ ఐ5 కూడా చూడండి, అది హెచ్ఈవీసీ ఫార్మాట్‌లోని 4:2:2ను డీకోడ్ చేస్తుంది. మోడల్ చివర ఎఫ్ అక్షరం ఉంటే గ్రాఫిక్స్ ఉండదు, అది వద్దు.

ఏఎమ్4 తర్వాతి సాకెట్ అయిన ఏఎమ్5కు వెళ్దామంటే బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ మూడూ ఒకేసారి మార్చాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. ఎన్‌విడియా 50 సిరీస్ కార్డులు 4:2:2 డీకోడింగ్ ఇస్తున్నాయి. ఆర్‌టీఎక్స్ 5060కు నా 550 వాట్ల సప్లై, ఉన్న 8 పిన్ కేబుల్ సరిపోతాయి. అదీ ఎనిమిది లేన్ల కార్డే. ధర ఇంకొంచెం దిగితే ఆ ఒక్కటే మారుస్తాను.