మలేషియా ఐరన్‌మ్యాన్‌కి సైకిల్ ప్యాకింగ్: గంటస్తంభం దగ్గరి సైకిల్ షాపు, 5కి 4 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద షోరూమేం కాదు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ సందు మొదట్లో ఉంటుంది, బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, ముందు పిల్లల సైకిళ్లు తాళ్లకి వేలాడుతుంటాయి. నేను వెళ్లింది నా రోడ్ సైకిల్‌ని విప్పి, డబ్బాలో పెట్టి, విమానంలో మలేషియా తీసుకెళ్లడానికి. లంకావి దీవిలో ఐరన్‌మ్యాన్ రేసు. తెలియనివాళ్ల కోసం: సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకి రాగానే 180 కిలోమీటర్ల సైకిల్, అది దిగాక 42.2 కిలోమీటర్ల పరుగు, మొత్తం ఒకే రోజు, 17 గంటల్లోపు.

ప్రాక్టీసు అంతా ఇక్కడే చేశాను. పరుగు అయోధ్యా మైదానంలో, ఎత్తులు ఎక్కడం ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో, ఈత చింతపల్లి బీచ్‌లో. అక్కడి జాలర్లు "ఈవేళొద్దమ్మా" అంటే ఆ రోజుకి ఈత లేనట్టే, వాళ్లతో వాదన పెట్టుకోలేదు. తిండి చోడి అంబలి, బెల్లం, అరటిపళ్లు. ఒళ్లు బాగానే అలవాటు పడింది. రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఒకటే పీడకల: 120వ కిలోమీటరు దగ్గర, మన మాట తెలిసినవాడు లేని రోడ్డు మీద, వెనక టైరు చప్పబడిపోయి నిలబడిపోయాను. ఈ రేసుల్లో బయటివాళ్ల సాయం తీసుకుంటే ఒప్పుకోరు. దారిలో రేసువాళ్ల మెకానిక్‌లు తిరుగుతుంటారు గానీ వాళ్లు మన దగ్గరికి ఎప్పుడొస్తారో లెక్క ఉండదు. పంక్చర్ ఎవరిదో వాళ్లే వేసుకోవాలి. ఈ టెన్షన్ తగ్గించుకుందామని ఫోన్‌లో ఒక ధ్యానం యాప్‌కి మూడు నెలల డబ్బు కట్టాను. "కళ్లు మూసుకుని ఫినిష్ లైన్‌ని ఊహించుకోండి" అనేది ఒక తియ్యటి గొంతు. నేను కళ్లు మూసుకుంటే పంక్చరే కనబడేది.

సరే, షాపు సంగతికి వద్దాం. సైకిల్ కోసం గట్టి సూట్‌కేసు లాంటి పెట్టెలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటి ధరకి మా అమ్మాయి కాలేజీ ఫీజు ఒక విడత వెళ్లిపోతుంది. సైకిల్ షాపులకి కొత్త సైకిళ్లు అట్టపెట్టెల్లోనే వస్తాయి కదా, ఒకటి ఇస్తారేమో అడుగుదామని వెళ్లాను. అక్కడి మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. విషయమంతా విని, "ఏటమ్మా, సముద్రంలో ఈదీసి, సైకిలెక్కీసి, మల్లీ పరిగెడతారా? ఎంతిస్తారేటి?" అన్నారు. మనమే కట్టాలి బాబాయ్ అన్నాను. రెంచి పక్కన పెట్టి కాసేపు నన్ను చూశారు. డబ్బా ఊరికే ఇస్తానన్నారు, ప్యాకింగ్‌కి తొమ్మిది వందలు, ఒక్కటే షరతు: ఆయన విప్పరు, నేనే విప్పాలి. "అక్కడ మరి ఎవడు బిగిస్తాడు?"

అలా నాలుగు రోజులు సాయంత్రం పూట ఆ అరుగు మీద కూర్చున్నాను. మొదటి రోజు ఎడమ పెడల్‌తోనే అరగంట పోయింది. ఎడమ వైపు మర తిరగేసి ఉంటుంది, మామూలు నట్టులా తిప్పితే ఊడకపోగా ఇంకా బిగుసుకుంటుంది. ఆయన చెప్పిన చిట్కా ఇప్పటికీ వాడుతున్నా: రెంచిని నిటారుగా పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి, కుడా ఎడమా అని ఆలోచించక్కర్లేదు. సీటు ఎత్తు పోకుండా గొట్టానికి టేపు చుట్టించారు. వెనక గేరు యంత్రాన్ని విప్పి పాత గుడ్డలో చుట్టి ఫ్రేమ్ లోపలికి కట్టించారు, ఎందుకంటే డబ్బా ఆ వైపు పడితే ముందు వంగేది దాని కొక్కెమే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కాళ్ల మధ్య నొక్కుకుపోకుండా ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టారు. కొత్త సైకిళ్లతో వచ్చి చెత్తలోకి పోయే ముక్కలే అవి, ఆయన దగ్గర డబ్బాడు ఉన్నాయి. ఫ్రేమ్‌కి ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల స్పాంజి గొట్టం, కోసి తొడిగితే సరిపోయింది.

ఇక అసలు పాఠం పంక్చర్. ట్యూబు మార్చడం నాకు వచ్చనుకున్నాను. మొదటిసారి 26 నిమిషాలు పట్టింది, పైగా కొత్త ట్యూబుకి లివరుతో, అంటే టైరు అంచుని ఎత్తే పుల్లతో, నేనే చిల్లు పెట్టాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు, ఇంకో ట్యూబు ఇచ్చారు. లివర్లు పక్కన పడేసి చివరి అంగుళం బొటనవేళ్లతోనే లోపలికి నెట్టమన్నారు, టైరు లోపల వేలు పెట్టి గాజు పెంకు ఉందేమో తడిమి చూడమన్నారు. లేకపోతే కొత్త ట్యూబూ అక్కడే పోతుంది. నాలుగో రోజుకి 9 నిమిషాలు. గోళ్లలో గ్రీజు వారం పోలేదు, మా ఆయన పక్కకి జరిగి కూర్చునేవారు. ఆ రాత్రి కల రాలేదని అనను. వచ్చింది, కానీ అందులో ట్యూబు మార్చుకుని వెళ్లిపోయాను!

ఇప్పుడు ఒక స్టారు ఎందుకు కోశానో చెప్పాలి. రెండు రోజుల్లో మొదలెడదామన్నవారు వారం తర్వాత మొదలెట్టారు. మధ్యలో పైడితల్లమ్మ పండగ, అదే తొలేళ్లు, సిరిమాను వచ్చాయి, ఆ రోజుల్లో ఊళ్లో ఎవరిని అడిగినా ఇంతే కాబట్టి అది సగం క్షమించాను. ఎంత బిగువు పడుతోందో కొలిచి చూపే టార్క్ రెంచి లేదు. కార్బన్ సీటు గొట్టాన్ని చేతి అంచనాతో బిగించబోతే నా గుండె ఆగింది, దాని మీద 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది, మించితే పగులుతుంది. నేనే ఆన్‌లైన్‌లో ఒకటి కొని తీసుకెళ్లాను. ఆయనకి కొంచెం చిన్నతనం అనిపించినట్టుంది, ఆ పూట మాట్లాడలేదు. సన్న వాల్వు ట్యూబులు కూడా దొరకవు, నావి నేనే పట్టుకెళ్లాను. చక్రం కట్టేటప్పుడు స్పాంజి లేని చోట ఫ్రేమ్‌కి గోరంత గీత పడింది. అడిగితే దాచలేదు, విప్పి మళ్లీ కట్టారు. బిల్లు ఇవ్వరు.

పక్క కిరాణాలో బస్తాలు తూచే కాటా మీద డబ్బాని పెడితే 19 కిలోల 400 గ్రాములు వచ్చింది. మీ ఎయిర్‌లైన్ పరిమితి ముందే చూసుకుని, సైకిల్ ఉందని టికెట్‌లో రాయించుకోండి. గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్లకి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆ గొడవ ఎందుకని వాటిని ఇంట్లో వదిలేసి చేతి పంపు పట్టుకెళ్లాను. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. మలేషియాకి మనవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు.

లంకావిలో డబ్బా ఒక మూల చిరిగి వచ్చింది, లోపల ఏమీ కాలేదు. హోటల్ గదిలో నేల మీద దుప్పటి పరిచి గంటన్నరలో బిగించేశాను. గొలుసు ఒక గేరు దగ్గర టకటకమంటుంటే కేబుల్ చివర ఉండే చిన్న మరని అరచుట్టు తిప్పాను, ఊరుకుంది. ముందురోజే సైకిళ్లు అప్పగించాలి, ఎండలో నిలబెడతారు కాబట్టి టైర్లలో కొంచెం గాలి తీసి, తెల్లారి మళ్లీ కొట్టాను. రేసులో పంక్చరే పడలేదు. 15 గంటల చిల్లరలో పూర్తి చేశాను, పరుగులో సగం నడకే, ఆ ఉక్కపోత మన మే నెలని మించింది.

తిరిగొచ్చాక సర్వీసింగ్‌కి అదే షాపుకి తీసుకెళ్లాను, మెడల్ కూడా సంచిలో వేసుకుని. ఆయన గొలుసు పట్టుకుని చూసి, "ఏటమ్మా ఇది, ఉప్పు పట్టించీసారు" అని అటు తిరిగి కిరసనాయిలు డబ్బా కోసం వెతకడం మొదలెట్టారు. మెడల్ సంచిలోనే ఉండిపోయింది.

వెళ్లేవాళ్లు ఉదయం పదిన్నర దాటాక వెళ్లండి, అంతకు ముందు స్కూలు పిల్లల సైకిళ్లతో ఆయనకి తీరిక ఉండదు. పాత బట్టలు వేసుకోండి.