వైరు అనుకున్నది వైరు కాదు: వీఈఓఎస్ ల్యాబ్‌తో రెండేళ్లు

ఇన్‌స్టాల్ చేయడం, ర్యామ్ లెక్కలు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. 32 జీబీ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద కేవీఎంలో (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే ఏర్పాటు) నాలుగు వీఈఓఎస్ స్విచ్‌లు (అరిస్టా నెట్‌వర్క్ స్విచ్‌కి సాఫ్ట్‌వేర్ రూపం) రెండేళ్లుగా నడుపుతున్నాను. నా కోపమంతా స్విచ్‌ల మీద కాదు, వాటి మధ్య నేనే లాగిన వైరు మీద.

రెండు స్విచ్‌ల మధ్య రెండు లింకులు కలిపి, ఒకే లింకులా పనిచేసే పోర్ట్ ఛానల్ కట్టాను. రెండు వైపులా మోడ్ యాక్టివే. అయినా లేవదు. కౌంటర్లు చూస్తే ఎల్ఏసీపీ (లింకుల్ని కలపడానికి స్విచ్‌లు మాట్లాడుకునే ప్రోటోకాల్) ఫ్రేముల్లో పంపినవి పెరుగుతున్నాయి, వచ్చినవి సున్నా. అవతలి స్విచ్‌లోనూ అంతే. ఇద్దరూ అరుస్తున్నారు, ఒకరిది ఒకరికి వినపడటం లేదు. పిల్లలు పడుకున్నాక కూర్చుని మూడు రాత్రులు కాన్ఫిగ్ చెరిపి రాశాను, ఇమేజ్ వెర్షన్ కూడా మార్చాను. నాలుగో రాత్రి బుద్ధొచ్చి హోస్ట్ మీద, అంటే ఆ డెస్క్‌టాప్ మీదే, దాటే ఫ్రేముల్ని చూపించే టీసీపీడంప్ పెట్టాను. ఇవతలి ట్యాప్‌లో (స్విచ్‌కి హోస్ట్ వైపు ఉండే వర్చువల్ పోర్టు) ఫ్రేము ఉంది, అవతలి ట్యాప్‌లో లేదు. మధ్యలో ఉన్నది లినక్స్ బ్రిడ్జ్ ఒక్కటే, అంటే హోస్ట్‌లోని సాఫ్ట్‌వేర్ స్విచ్.

పాపం, దాని తప్పూ లేదు. 01-80-సీ2-00-00-00 నుంచి 0ఎఫ్ దాకా ఉన్న అడ్రస్‌లకు వచ్చే ఫ్రేముల్ని బ్రిడ్జ్ దాటించకూడదని 802.1డీ ప్రమాణమే చెబుతోంది. ఎల్ఏసీపీది అందులో 02. నేను వైరు వేశాననుకున్న చోట నిజానికి మూడో స్విచ్ కూర్చోబెట్టాను! వీటిలో ఏ అడ్రస్‌లను దాటించాలో బ్రిడ్జ్‌కి చెప్పే గ్రూప్ ఫార్వర్డ్ మాస్క్‌లో 16384 రాస్తే ఎల్ఎల్‌డీపీ (పొరుగు పరికరాన్ని గుర్తుపట్టే ప్రోటోకాల్) దాటింది. అదే ఊపులో ఎల్ఏసీపీ కోసం 4 రాస్తే కర్నెల్ మొహం మీదే కాదంది. (పోర్టు స్థాయిలో రాస్తే కొత్త కర్నెళ్లు ఒప్పుకుంటాయని తర్వాతెప్పుడో తెలిసింది.) చివరికి కేవీఎంని నిర్వహించే లిబ్‌వర్ట్‌లో ఆ లింకుల్ని, బ్రిడ్జ్ లేకుండా ఫ్రేముల్ని నేరుగా మోసే యూడీపీ టన్నెళ్లుగా మార్చి, స్విచ్‌లు ఆన్ చేసి టీ పెట్టుకోవడానికి వెళ్లాను. వచ్చేసరికి పోర్ట్ ఛానల్ లేచి ఉంది. ఆ టీ రుచి ఇంకా గుర్తుంది.

ఆ సంబరంలో కనపడిన ప్రతివాడికీ "ఇక నిజం స్విచ్ ఎందుకురా" అని చెప్పాను. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెబుతాను. నా ల్యాబ్‌లో ఒకవైపు పోర్టు షట్ చేసినా అవతలి పోర్టు అప్ అనే చూపిస్తుంది. లింకు తెగిందన్న సంగతి టన్నెల్ మోసుకెళ్లదు. ఎల్ఏసీపీ స్లో రేటులో 30 సెకన్లకొక ఫ్రేము, మూడు తప్పితేగానీ పట్టించుకోదు. అంటే 90 సెకన్ల దాకా ట్రాఫిక్ గోతిలో పడుతుండవచ్చు. ఫాస్ట్ రేటు పెడితే 3 సెకన్లకు దిగుతుంది, కానీ అదీ అసలు కేబుల్ పీకినట్టు కాదు. ఫెయిలోవర్ సమయం (ఒక లింకు తెగితే ట్రాఫిక్ రెండోదానికి మారడానికి పట్టేది) ఇక్కడ కొలిచి ఆఫీసులో చెప్పకండి. నేను ఒకసారి చెప్పాను, మళ్లీ చెప్పను.

కాన్ఫిగ్ రాసుకుని, మార్పు చేసే ముందు ఒకసారి ఆడించి చూసుకోవడమే నా పని కాబట్టి నాకు ఇది చాలు. ఆప్టిక్స్, వేగం, క్యూలతో పనున్నవాళ్ల సంగతి వేరు. పైగా అసలు స్విచ్ ఫ్యాన్ మోతకి మా ఇంట్లో అనుమతి లేదు.