విశాఖ గాజువాకలో హెవీ (లారీ నడపడం) నేర్చుకున్నాను: 30 రోజులు, స్టీరింగ్ మీద 13 గంటల 20 నిమిషాలు

ఆరేళ్లుగా టాటా ఏస్ నడుపుతున్నాను. గోపాలపట్నం నుంచి కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాన్లు, ఏది దొరికితే అది. దానికి నా ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ సరిపోయింది. లోడుతో కలిపి 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి అది చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. హెవీకి వెళ్లాలని ఎప్పటి నుంచో ఉన్నా నన్ను కదిలించింది మాత్రం శీలానగర్ జంక్షన్. ఒక రాత్రి పోర్టు రోడ్డులోకి ఎడమకు తిరుగుతున్న కంటైనర్ పక్కన నా ఏస్ ఉంది. క్యాబిన్ నన్ను దాటిపోయింది, హమ్మయ్య అనుకునేలోపు వెనక చక్రాలు నా మీదకు వచ్చేశాయి. అద్దం విరిగింది, నేను బతికాను. ఆ డ్రైవరు దిగొచ్చి, వణుకుతూ "తమ్ముడూ, నువ్వు నాకు కనపడలేదు" అన్నాడు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

ట్రైనింగ్‌కు రానక్కర్లేదు, డబ్బు కడితే ఫారం 5 (స్కూలు ఇచ్చే ట్రైనింగ్ సర్టిఫికెట్) చేతికిస్తాం అన్నవాళ్లు నాకే ఇద్దరు తగిలారు. వద్దని వచ్చేసి, గాజువాక ఆటోనగర్ వైపున్న ఒక స్కూల్లో చేరాను. ఫీజు 14,000, రెండు వాయిదాల్లో కట్టాను. లైసెన్స్ ఫీజులు, డాక్టరు సంతకం పెట్టే మెడికల్ సర్టిఫికెట్ ఫారం 1ఏ ఖర్చు వేరే. 20 ఏళ్లు నిండి, ఎల్ఎంవీ వచ్చి ఏడాది దాటినవాళ్లనే తీసుకున్నారు. చదువు అడగలేదు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మా బ్యాచ్‌లో ఒకాయన ఐదుతో ఆపేసినవాడు, ఆ సంగతి తెలియక నాలుగేళ్లు ఊరికే ఉండిపోయాడు. మీకు తెలిసినవాళ్లలో అలాంటివాళ్లుంటే దయచేసి చెప్పండి.

ఈ స్కూల్లో చేరినందుకు నేను సంతోషంగా ఉన్నానంటే అది గురువుగారి వల్లే. కలకత్తా లైనులో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. మొదటి రెండు రోజులు ఆయన నన్ను స్టీరింగ్ పట్టుకోనివ్వలేదు. మూడో రోజు పొద్దున్నే ఆటోనగర్‌లో ఒక ఖాళీ మలుపు దగ్గర రోడ్డు మీద బకెట్టు నీళ్లు పోయించి, బండిని ఆ తడి మీదుగా ఎడమకు తిప్పించారు. మమ్మల్ని కిందకు దింపి టైర్ల గుర్తులు చూపించారు. ముందు చక్రం వెళ్లిన దారికి వెనక చక్రం రెండు మూరలు లోపలికి కోసుకుని వెళ్లింది. "ఇది ఆరు టైర్ల బండి బాబూ, ట్రైలరైతే ఇంకా లోపలికి వస్తుంది. నువ్వు తిరిగింది ముందు చక్రంతో కాదు, వెనక చక్రంతో అనుకో" అన్నారు. శీలానగర్‌లో నాకు జరిగింది ఆ తడి గుర్తుల్లో మొత్తం కనపడింది. తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి, మిగిలిన ముగ్గురినీ ఎడమ తలుపు పక్కన నిలబెట్టి ఎంతమంది కనపడుతున్నారని అడిగారు. ఒక్కడే కనపడ్డాడు.

ఎయిర్ బ్రేకు కూడా అంత ఓపిగ్గానే చెప్పారు. ఇంజను స్టార్ట్ చేశాక మీటరులో ముల్లు ఎర్ర గీత దాటి గాలి నిండేవరకు బండి కదపకూడదు. గాలి లేకపోతే పార్కింగ్ బ్రేకు వదలదు, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచేది స్ప్రింగ్, విడిపించేది గాలి. దిగుడులో బ్రేకు తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్ల (గేరు తీస్తే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకు మీదే పడుతుంది) గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది. అలా పోయినవాళ్లలో ఆయనకు తెలిసినవాళ్లున్నారు.

ఇక లోపాలు. మొదటిది, బండి. సీటు కుంగిపోయింది, అది పర్వాలేదు. కానీ ఎడమ అద్దం పగిలి, తీగతో కట్టి ఉంది. అద్దంలో చూడమని నేర్పే చోట అద్దమే సరిగ్గా లేకపోతే ఎలా? ఆఫీసులో రెండుసార్లు అడిగాక మూడు రోజులకు కొత్తది వేశారు.

రెండోది, గంటలు. కరపత్రంలో స్టీరింగ్ మీద 15 గంటలని రాశారు. నేను రోజూ దిగగానే చిన్న పుస్తకంలో నిమిషాలు రాసుకునేవాడిని. క్యాబిన్లో నలుగురం, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. 22వ రోజుకు లెక్క చూస్తే 6 గంటల 40 నిమిషాలు వచ్చింది. అడిగితే, పక్కవాడు నడుపుతుంటే చూడటం కూడా నేర్చుకోవడమే అన్నారు. అందులో కొంత నిజముంది, కానీ నేను ఫీజు కట్టింది చూడటానికి కాదు. పుస్తకం ముందు పెట్టాను. అప్పటి నుంచి నన్నొక్కడినే రోజూ ఎక్కువసేపు నడపనిచ్చారు. మొత్తం 13 గంటల 20 నిమిషాలు. మిగిలిన ముగ్గురూ రాసుకోలేదు, వాళ్లకు ఎక్కువ టైం ఇవ్వలేదు. అది నాకిప్పటికీ బాధగానే ఉంది.

మూడోది పెద్దది. అన్ని రోజులూ ఖాళీ బండే. లోడుతో ఒక్కసారి కూడా నడిపించలేదు, రాత్రి పూట తీసుకెళ్లలేదు, టార్పాలిన్ కట్టడం చూపించలేదు. కూర్మన్నపాలెం నుంచి లంకెలపాలెం వరకు హైవే మీద తిప్పినప్పుడు బండి నా మాట విన్నట్టే అనిపించింది. లైసెన్స్ వచ్చాక మా బాబాయి పది టైర్ల బండిలో ఇనుప కాయిల్స్‌తో రాయపూర్ లైనుకు వెళ్లాను. అక్కడ మొదటిసారి బ్రేకు తొక్కితే, నేననుకున్న చోటుకు చాలా దూరంలో ఆగింది. చెమటలు పట్టాయి. బాబాయి పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఎవరూ లేకుండా నేరుగా లోడు ఎక్కే కుర్రాళ్ల సంగతి తలచుకుంటే టెన్షన్ వస్తుంది.

టెస్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రివర్స్ బాగా ప్రాక్టీస్ చేస్తే భయం లేదు, నేను మొదటిసారే పాసయ్యాను. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఐదేళ్లకు ఇస్తారు. తర్వాత నేను మల్కాపురం వైపు ట్యాంకర్లకు వెళ్లాలనుకుంటున్నాను. ప్రమాదకర సరుకు మోసే బండ్లకు ఇంకో మూడు రోజుల ట్రైనింగ్ కావాలి, అది ఈ స్కూల్లో లేదు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను, అందులో ఎక్కువ భాగం గురువుగారికే. చేరేవాళ్లు తెల్లవారుజామున 5.30 బ్యాచ్ అడగండి, ఆయన ఉండేది అందులోనే. 7 దాటితే కూర్మన్నపాలెం జంక్షన్‌లో మీ ఇరవై నిమిషాల్లో సగం సిగ్నల్ దగ్గరే పోతుంది.